చేతికి ఎర్ర దారం ఉన్న పేషెంటు

నాకు కుదురు లేదు. ఈ మాట నేను నా గురించి కనిపెట్టింది కాదు, నన్ను ఎరిగినవాళ్ళంతా నా ముఖం మీదే చెప్పేది. బడిలో బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు ఊగుతూనే ఉండేవి. ఇంట్లో అన్నం కంచం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేదాన్ని. "కాలు గాలిన పిల్లి లెక్క గట్ల తిరుగుతవేందే, జర కూసోని తిను" అని మా అమ్మ రోజూ అనేది. అనేదే కానీ ఆమె కూర్చుని తినగా నేనూ చూడలేదు. మాది నడిగూడెం వైపు ఒక ఊరు, గొర్రెల ఇల్లు. మా నాయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడే కునుకు తీసేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి కుదురుగా ఎలా కూర్చోగలను? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది ఇంకా పోలేదు.

నర్సింగులో చేరడానికి కారణం కూడా ఈ కుదురులేనితనమే. చిన్నప్పుడు ఒకసారి జ్వరం వస్తే సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ తెల్ల బట్టల సిస్టర్లు ఒక్క నిమిషం ఆగకుండా ఈ మంచం నుంచి ఆ మంచానికి నడుస్తూనే ఉన్నారు. నడవడానికి జీతం కూడా ఇస్తారని తెలిసి ఆశ్చర్యపోయాను. అదీ కాక, సూది వేయడం నాకు కొత్త కాదు. వానలు మొదలవ్వగానే గొర్రెలకు సూదులు వేయాలి. పశువుల దవాఖాన నుంచి మందు తెచ్చి మా నాయనే వేసేవాడు, నేను గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకునేదాన్ని. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పట్టుకునేది ఆయన, వేసేది నేను. పొద్దెక్కేలోపు మంద మొత్తం అయిపోవాలి. గొర్రె ఎందుకని అడగదు. కాసేపు ఆగమనదు. మనుషులకూ ఇంతే కదా అనుకున్నాను.

మా నర్సింగు స్కూలు సూర్యాపేటలో మార్కెట్టుకు పోయే దారిలో ఉండేది. కింద ఎరువుల దుకాణం, పైన మా తరగతులు, ఆ పైన మా హాస్టలు. మిర్చి లారీలు వచ్చే రోజుల్లో అందరం తుమ్ముకుంటూ పాఠం వినేవాళ్ళం. మొదటి సంవత్సరమంతా పుస్తకాలే. సూది నేర్చుకోవడానికి బీరువాలో ఒక రబ్బరు చెయ్యి ఉండేది. మా కంటే ముందు బ్యాచీలవాళ్ళు పొడిచి పొడిచి దాన్ని జల్లెడ చేసి పెట్టారు. నీళ్ళు ఎక్కిస్తే అన్ని చోట్ల నుంచీ కారేవి.

రెండో సంవత్సరం, రెండువేల ఏడో ఎనిమిదో అయ్యుంటుంది, కంప్యూటర్లు వచ్చాయి. ప్రిన్సిపాల్ సారు కొబ్బరికాయ కొట్టి, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి రావాలని చెప్పారు. ఆ గదికి తాళం, కంప్యూటర్లకు గుడ్డ ముసుగులు. వారానికి ఒక్క పూట తెరిచేవారు. ఆ రోజే సారు మా అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పారు.

"ఇగ సూది ఇచ్చుడు ముందు కంప్యూటర్ల నేర్సుకోవాలె. అన్ని పాఠాలు పాసైనోళ్ళే మిర్యాలగూడ పోస్టింగుల పేషెంటుకు సూది ఇస్తరు. కానోళ్ళు పోస్టింగుకు వస్తరు గని, దుప్పట్లు మడతపెడ్తరు."

ఏడాది నుంచి నేను ఆ మిర్యాలగూడ కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉన్నాను. అక్కడి దవాఖానలో నిజం మనుషులుంటారు, నిజం జ్వరాలుంటాయి. ఆ మనుషులకూ నాకూ మధ్య ఇప్పుడు ఈ ముసుగు పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. మనుషులకు సూది వేయాలంటే ముందు ఈ పెట్టె ముందు కూర్చోవాలి. కూర్చోవడమే కదా నాకు రానిది.

ఒక్కో కంప్యూటరుకు ఐదుగురం, ఐదుగురికి ఒక మౌసు. నా పక్కన కోదాడ పిల్ల ఒకతి కూర్చునేది. పిల్ల నెమ్మది. జడ గట్టిగా అల్లుకుని, మాట కూడా ఆచితూచి మాట్లాడేది. దాని భాష సగం మాది, సగం కృష్ణ అవతలిది. "చూడు, అట్లా కాదు, ఉండు" అనేది. "ఉండు" అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. మౌసు చాలాసార్లు నేనే లాక్కునేదాన్ని. అది ఏమీ అనకుండా చెయ్యి వెనక్కి తీసుకునేది. అలా ఏమీ అనకపోవడం ఇంకా మండించేది.

జ్వరం చూడడం, బీపీ చూడడం, కట్టు కట్టడం, ఇవన్నీ ఎలాగో గట్టెక్కాం. ఆఖరిది సూది పాఠం. తెర మీద ఒక తెల్ల మనిషి మంచంలో పడుకుని ఉంటాడు. పచ్చటి జుట్టు, నీలం కళ్ళు. మేమంతా దొర అనేవాళ్ళం. లోపలి నుంచి ఒక ఆడమనిషి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పేది. తెలుగు మీడియం పిల్లలం, మాకు నాలుగు మాటల్లో ఒకటి అందేది. పంపు మీద నొక్కితే చేతులు కడుక్కున్నట్టు. దొర నోటి మీద నొక్కితే ఆయన తన పేరు చెప్తాడు. సీసా మీద నొక్కితే మందు సిరంజిలోకి వస్తుంది. చేతి మీద నొక్కితే సూది దిగుతుంది. ఇన్ని చేశాక దొర కాసేపు బాగానే ఉండేవాడు. తర్వాత రొప్పేవాడు, ముఖం ఎర్రబడేది, తెర నల్లబడేది. పేషెంటు చనిపోయాడనీ, మళ్ళీ మొదటి నుంచి చేయమనీ ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి.

మళ్ళీ మొదటి నుంచి చేసేవాళ్ళం. మళ్ళీ చచ్చేవాడు. మందు తక్కువ ఎక్కించి చూశాం, చచ్చాడు. కుడిచేతికి కాక ఎడమచేతికి వేశాం, అయినా చచ్చాడు. ముందు వరసలో ఒక గుంపుకు మాత్రం ఒకసారి పాసయినట్టు పచ్చ గుర్తు వచ్చింది. పరుగెత్తిపోయి ఎట్ల చేశారని అడిగితే, "ఏమో, ఏదో నొక్కినం, అయింది" అన్నారు. వాళ్ళకే తెలియదు. మా మేడమ్ మంచి మనిషే, వార్డు పని బాగా తెలిసిన మనిషి, కానీ కంప్యూటరు అంటే ఆమెకూ కొత్తే. మా వెనక నిలబడి, "ఎక్కడో తప్పు చేస్తున్రు. సరిగ్గ సూడుండ్రి, అందులనే ఉంటది" అనేవారు.

సరిగ్గానే చూశాం. దుప్పటి చూశాం, దిండు చూశాం, సీసా మీద రాసిన మందు పేరు చూశాం. దొర మణికట్టుకు ఎర్రగా ఏదో కనిపించేది. మాలో ఒకతి, "దొరకు గూడ జాతర దారం కట్టిండ్రే" అంది. అందరం పడీపడీ నవ్వాం. నవ్వి వదిలేశాం. మా దగ్గర ఎర్ర దారం లేని చెయ్యి ఎక్కడుంటుంది? గట్టు మీది జాతరకు పోయినవాళ్ళకు ఉంటుంది, గుడికి పోయినవాళ్ళకు ఉంటుంది, బస్సు కండక్టరుకు ఉంటుంది, మాకు పరీక్ష పెట్టే సారుకూ ఉంటుంది. కట్టాక అది దానంతట అదే తెగి పడిపోవాలి. ఒకరి దారాన్ని ఇంకొకరు ముట్టరు. రబ్బరు చేతికి కూడా ఎవరో ఒక దారం కట్టి పెట్టారు, దాన్నీ ఎవరూ తియ్యలేదు.

పోస్టింగు దగ్గర పడుతోంది. నాకు నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు. హాస్టలు మిద్దె మీద ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేదాన్ని. దుప్పట్లు మడతపెట్టడానికేనా ఊరు విడిచి వచ్చింది? మా నాయన అప్పటికే ఊళ్ళో అందరికీ మా బిడ్డ మనుషులకు సూదులిస్తదని చెప్పుకుని తిరుగుతున్నాడు. ఆ కంప్యూటరు మీద నాకు ఎంత పగ అంటే, కలలో కూడా దాన్ని తిట్టేదాన్నట. పక్క మంచం పిల్లలు చెప్పారు.

కోదాడ పిల్లే దారి చూపించింది. వాళ్ళ బాబాయికి కోదాడ బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు ఉంది. మేడమ్‌ను నెమ్మదిగా అడిగి ఆ పాఠం సీడీ తీసుకుంది, సోమవారం తిరిగి ఇస్తానని. నేను అడిగి ఉంటే ఇచ్చేవారు కాదు. ఆదివారం పొద్దున ఇద్దరం ఎర్రబస్సు ఎక్కాం. దారి పొడుగునా నేను కిటికీ రాడ్డు పట్టుకుని నిలబడే ఉన్నాను, సీటు ఖాళీగా ఉన్నా. "కూర్చోవచ్చు కదా" అంది. "నువు కూసో, నీకు మంచిగ వస్తది" అన్నాను.

బాబాయి మమ్మల్ని మూలనున్న కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టారు. చుట్టూ కుర్రాళ్ళు కార్ల ఆటలు ఆడుతున్నారు. మేము దొరను మొదటి నుంచీ మొదలుపెట్టాం. చచ్చాడు. మళ్ళీ చేశాం, మళ్ళీ చచ్చాడు. ఆ దారిన పోతూ బాబాయి తొంగిచూసి, "ఏం గేమమ్మా అది? ఎంతసేపూ చావడమే ఉందే" అన్నారు.

"గేమ్ కాదు బాబాయ్, చదువు" అంది కోదాడ పిల్ల.

నాకు ఇక తిక్క రేగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు మౌసును బల్లకేసి కొట్టి, తెర మీద ఎక్కడ పడితే అక్కడ నొక్కడం మొదలుపెట్టాను. మంచం కోడు మీద నొక్కాను, కిటికీ మీద నొక్కాను, దొర ముక్కు మీద, చెవి మీద నొక్కాను. అన్నీ అయిపోయి బాణం మణికట్టు దగ్గరికి వచ్చింది. కోదాడ పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"దాని మీద వద్దే. దారం కదా."

"దొరకు ఏ దేవుడే?"

"ఎవరి దేవుడైనా దేవుడే కదా. వద్దు."

నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా ఒక క్షణం ఆగింది. అంత కోపంలోనూ లోపల ఏదో బెదిరింది. కానీ ఆగడం నా వల్ల కాదు కదా. నొక్కాను.

చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. దారం పెద్దదై కనిపించింది. అది దారం కాదు, ఎర్ర పట్టీ. దాని మీద అక్షరాలున్నాయి. పెన్సిలిన్ అలర్జీ అని. లోపలి ఆడమనిషి కొత్త మాటలేవో చెప్పింది, సీసా మారింది, వేరే మందు వచ్చింది. ఆ మందు ఇస్తే దొర బతికాడు. మాకు పచ్చ గుర్తు వచ్చింది.

కోదాడ పిల్ల ముందు నవ్వింది. కాసేపటికి దాని నవ్వూ ఆగిపోయింది. నాకైతే నవ్వే రాలేదు. తనకు ఏ మందు పడదో ఆ మనిషి చేతికి రాయించి కట్టించుకుని, కళ్ళు తెరుచుకుని మా ముందు పడుకున్నాడు. మేము దాన్ని చూసి, దేవుడి దారమని పక్కకు తప్పుకుని, మళ్ళీ మళ్ళీ అదే మందు ఎక్కించాం.

సోమవారం మేడమ్‌కు సీడీ ఇచ్చి సంగతి చెప్పాం. ఆమె నుదురు కొట్టుకున్నారు. ఆ వారం క్లాసంతా పాసయ్యింది. ఎక్కడ నొక్కాలో అందరికీ తెలిసిపోయింది మరి. నాకు మాత్రం నెమ్మది లేదు. మేడమ్ వెంట మెట్ల దాకా పోయి అడిగాను.

"మన దవాఖానలల్ల గా పట్టీ కడ్తరా మేడమ్?"

"కట్టరు."

"మరి ఎట్ల తెలుస్తది?"

"అడగాలె. అడిగినంక టెస్ట్ డోసు ఏసి, ఆగి సూడాలె. పట్టీ ఉన్నా లేకున్నా గంతే" అని ఆమె దిగిపోయారు.

ఆగి చూడాలె. తిరిగి తిరిగి నాకు చేతకాని దాని దగ్గరికే వచ్చింది వ్యవహారం.

మిర్యాలగూడలో రైసు మిల్లుల బూడిద గాలిలో తేలివచ్చి మా తెల్ల బట్టల మీద వాలేది. నన్నూ కోదాడ పిల్లనూ ఆడవాళ్ళ వార్డులో వేశారు. అక్కడి సిస్టర్ నా బాపతు మనిషే. ఆమె వస్తుంటే చెప్పుల చప్పుడు ముందు వచ్చేది. ఒక చేత్తో సెలైను సరిచేస్తూ, ఇంకో చేత్తో కేసు షీటు తిప్పుతూ, నోటితో మాకు పని చెప్పేది. ఆమెను చూసి పొంగిపోయాను. రెండో రోజో మూడో రోజో నన్ను పిలిచి, "ఈ అవ్వకు పెన్సిలిన్ సూది ఉంది. ముందు టెస్ట్ డోసు ఏసి నాకు సూపియ్యి" అంది.

ఆ అవ్వ పాలకీడు దిక్కు మనిషి. పొలంలో పార తగిలి కాలు చీరుకుని, చీము పట్టి వచ్చింది. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. సిరంజి, మందు ట్రేలో పెట్టుకుని ఆమె మంచం దగ్గరికి పోయేసరికి నా చేతులు దురద పెడుతున్నాయి. ఇంతకాలం ఎదురుచూసిన ఘడియ ఇదే. ఆమె చెయ్యి తిప్పాను. మణికట్టుకు ఎర్ర దారం.

అది ఉత్త దారమేనని నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఈ దారం ఏందవ్వా?"

"జాతరల కట్టుకున్న. ఎందుకు, నీకు కావాల్నా?"

"కాదవ్వా. ఇంతకుముందు ఏ సూదన్నా, ఏ గోలీ అన్నా నీకు పడలేదా? దద్దుర్లు లేసుడు, ఆయాసం వచ్చుడు?"

"నాకు పడనిది లేదు పిల్లా. రాళ్ళు తిని అరిగించుకున్న ఒళ్ళిది. నువు సూది ఇయ్యి, ముచ్చట్లు తర్వాత."

ముంజేతి మీద చర్మం కింద కొంచెం మందు వేశాను. అది సూది కిందికే రాదు, దోమ కుట్టినంత. చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. అసలు సూది ట్రేలో తయారుగా ఉంది. ఇక ఆగాలి. గోడ గడియారం ముల్లు కదిలేది కాదు. నేను మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు, ఆ పక్క నుంచి ఈ పక్కకు నడిచాను. "కూసోరాదే, నాకే కండ్లు తిరుగుతున్నయి" అంది అవ్వ. వార్డు చివరి నుంచి సిస్టర్ కేక వేసింది. "అయిందా పిల్లా? మంచిగుంటె ఇచ్చెయ్, ఇంక శాన మంది ఉన్నరు."

చెయ్యి చూశాను. పెన్నుతో చుట్టిన సున్నా దాటి ఎర్రగా పొంగింది. పెద్దగా కాదు. దోమ కుట్టిందేమో అనిపించింది. గోక్కుందేమో అనిపించింది. ఆ సూది ఇవ్వాలని నాకెంత ఉందంటే, పొంగలేదని నా కళ్ళకు నేనే చెప్పుకుంటున్నాను. అవ్వ అప్పటికే గోక్కుంటోంది. తెర మీద రొప్పే మనిషి గుర్తొచ్చాడు. ఆయనకు మళ్ళీ మొదటి నుంచి అని వచ్చేది. ఈమె ఊపిరి నాకు వినపడుతోంది, వెల్లుల్లి వాసన కూడా వస్తోంది.

"సిస్టర్, పొంగింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆమె వచ్చి, బొటనవేలితో నొక్కి చూసి, ట్రేలోని సూదిని తీసి పారేసింది. డాక్టరుకు చెప్పి మందు మార్పించింది. నేను బాత్రూమ్‌లోకి పోయి ముఖం కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి కొత్త మందు సూది కోదాడ పిల్ల ఇచ్చేసింది.

ఇక ఆ అవ్వ తీర్పు చెప్పింది, వార్డంతా వినేటట్టు. "గీ పిల్ల చెయ్యి మంచిది, సూది పడ్డట్టే తెల్వలే. గా పిల్లకు శాతగాదు. ఇంతసేపు నిలబడి, భయపడి పారిపోయింది."

నాకు తల కొట్టేసినట్టయింది. గొర్రెల మందను పొద్దెక్కేలోపు ముగించేదాన్ని, సూదికి భయపడ్డానట. నోటిదాకా వచ్చింది, ఆ సూది ఇస్తే నువ్వు పోయేదానివి అవ్వా అని. కానీ మంచంలో ఉన్న మనిషి ముందు ఆ మాట ఎత్తకూడదు. మా దగ్గర ఎవరూ ఎత్తరు. మింగేశాను. కోదాడ పిల్ల నాకేసి చూసి తల దించుకుంది. దాని తప్పేమీ లేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది.

సాయంత్రం సిస్టర్ నన్ను పిలిచింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. మెచ్చుకోలేదు, పని చెప్పింది.

"ఆమెకు ఏ మందు పడదో కాయితం మీద రాసిస్తం. గని గా కాయితం ఇంటికి పోయినంక పొయ్యిల పడ్తది. రేపు జ్వరమొస్తే ఊళ్ళె ఎవరో ఒకరు గదే సూది ఇస్తరు, ఇగ ఖతం. మందు పేరు ఆమె నోటికి రావాలె. నువు కనిపెట్టినవ్ గద, నువే నేర్పు."

నేర్పడమా? ఆమె నా ముఖమే చూడడం లేదు. పక్కన నిలబడి, "అవ్వా, నీకు పడని మందు పేరు పెన్సిలిన్. ఒక్కసారి అను" అన్నాను. "శాతగాని పిల్ల శెప్తె నేను ఇనాల్నా" అని కొంగు ముఖం మీద కప్పుకుంది. మర్నాడు మళ్ళీ పోయాను. మంచినీళ్ళు ఇస్తూ అడిగాను, కట్టు మారుస్తూ అడిగాను, పక్క మంచం దగ్గరికి పోతూ వస్తూ అడిగాను. "అవ్వా, నీకు ఏది పడదు?" ఆమె ఒకసారి "కోడికూర" అంది. ఒకసారి "మా కోడలు" అంది. వార్డు వార్డంతా నవ్వింది. తర్వాత వార్డే నాకు తోడయ్యింది. నేను గుమ్మంలో కనబడగానే ఎవరో ఒకరు, "అవ్వా, నీకు ఏది పడదే?" అని అడిగేవాళ్ళు. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకరోజు ఓపిక చచ్చి గట్టిగా అరిచాను. సిస్టర్ నన్ను బయటికి పిలిచి చీవాట్లు పెట్టింది.

కాలు మానుతూ వచ్చింది. వాళ్ళ బిడ్డ వచ్చి, రేపు తీసుకుపోతామంది. ఆ బిడ్డకూ చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది, ఆమె ధ్యాసంతా నాట్ల మీద ఉంది. అవ్వ మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా పలకలేదు. స్కూల్లో ఆ పెట్టెను ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు దాని మీద అంత అసూయగా ఉంది. తప్పు చేస్తే అది ముందుకు పోనివ్వదు. ఇక్కడ ఈ మనిషి ఏమీ నేర్చుకోకుండానే చెప్పులేసుకుని పోతుంది. ఏ ఊళ్ళోనో ఎవరో సిరంజి ఎత్తుతారు. నేను అక్కడ ఉండను.

పొద్దున్నే వాళ్ళు మూట సర్దుకున్నారు. అవ్వ అందరికీ పేరుపేరునా చెప్పింది, కోదాడ పిల్ల తల నిమిరింది, నన్ను దాటుకుని పోయింది. నేను ట్రే ఎవరి చేతిలోనో పెట్టి వెనకే నడిచాను. గేటు దగ్గర ఆటో ఉంది, లోపల అప్పటికే ఇద్దరు ముగ్గురు ఎక్కి కూర్చున్నారు. ఆమె ఎక్కింది. నేను ఆటో రాడ్డు పట్టుకున్నాను.

"ఒక్కసారి చెప్పవ్వా. నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ నా వైపు కూడా చూడలేదు, ఆయనతోనే అంది. "సూసినవా కొడుకా, ఈ పిల్ల నన్ను సావనియ్యదు, బతకనియ్యదు. సూది ఇయ్యరాదు గని నోరు మూతబడదు. పడుకుంటె అదే, లేస్తె అదే. పెన్సిలిన్, పెన్సిలిన్, పెన్సిలిన్. నాకు పెన్సిలిన్ పడదు. ఎవడన్న సూది పట్టుకొస్తె ముందుగాల గది శెప్పాలె. అయిందా? ఇగ ఇడువు."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. నేను రాడ్డు వదిలాను. ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతోనే, అంత సంతోషం నాకు అంతకుముందు ఎరుక లేదు. ఆటో కదిలింది. లోపల ఆమె పక్కవాళ్ళకు నన్ను చూపించి చెప్తూనే ఉంది, సూది ఇయ్యరాని పిల్ల ఒకతి ఎన్ని దినాలు సతాయించిందో, ఏమని సతాయించిందో. పెన్సిలిన్ అన్న ఆమె గొంతు మిల్లు గోడ మలుపు తిరిగేదాకా వినపడింది.